ఉపసంహరించిన కోళ్ళు

మా డైరెక్టరు విశ్వేశ్వరం గారు చెడ్డవారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చీమకైనా అపకారం తలపెట్టిన మనిషి కాదాయన. సర్వీసు మొత్తంమీద ఆయన చేసిందల్లా సర్క్యులర్లు జారీ చెయ్యడమే. వాటివల్ల నాలుగు మండలాల్లో కోళ్ళు చచ్చిపోయాయంటే, ఆ కోళ్ళు సర్క్యులర్లు సరిగ్గా చదువుకోలేదనే అనుకోవాలి.

మాది అణుజీవశాస్త్ర, రోగనిరోధక పరిశోధనా సంస్థ. గోదావరి గట్టుకి కాస్త ఎడంగా, జీడితోటల మధ్య ఉంటుంది. కోళ్ళకీ, గొర్రెలకీ, అప్పుడప్పుడు మనుషులకీ రోగాలెందుకొస్తాయో, కొందరికి ఎందుకు రావో లోపల శాస్త్రవేత్తలు కనిపెడుతూ ఉంటారు. నా పేరు వీరభద్రం. నేను శాస్త్రవేత్తను కాను. సైటేషన్ల సెల్లుకి సూపరింటెండెంటుని.

సైటేషనంటే తెలియనివారికి చెబుతాను. ఒక శాస్త్రవేత్త ఒక పేపరు రాసి పత్రికలో అచ్చు వేయిస్తాడు. ఇంకో శాస్త్రవేత్త తన పేపరులో 'ఫలానావారు ఇలా అన్నారు' అని ఆ మొదటివాడి పేరు వేస్తాడు. అది ఒక సైటేషన్. ఎంతమంది అలా పేరెత్తితే అంత గొప్ప. పొగుడుతూ ఎత్తినా, తిడుతూ ఎత్తినా లెక్క ఒకటే. పెళ్ళిలో విస్తళ్ళు లెక్కపెట్టేవాడు తిన్నవాడు మెచ్చుకున్నాడా, ఉప్పెక్కువైందని తిట్టుకున్నాడా అని అడగడు కదా. నాదీ విస్తళ్ళ లెక్కే.

సంస్థకి వచ్చే ర్యాంకు, నిధులు, డైరెక్టరు గారి కారు, ఆ కారులో ఏసీ, సమస్తం ఆ లెక్కమీదే నడుస్తాయి. ఆ లెక్కలో సగం ఒక్క పేపరు సంపాదించి పెట్టిందే. అది డాక్టర్ హైమవతి గారిది.

హైమవతి గారు పొట్టిగా ఉంటారు, చేతులు ఎప్పుడూ స్పిరిటు వాసన వేస్తుంటాయి, మాట దురుసు. పదకొండేళ్ళ కిందట కోళ్ళకి కొత్తరకం కొక్కెర తెగులొచ్చింది. మెడ వంకర పోతుంది, పచ్చగా పారుకుంటుంది, మూడోనాటికి గంప ఖాళీ. పాత మందులకి లొంగలేదు. అప్పుడీవిడ ఒక గాజుపళ్ళెంలో కోడి కణాలు పెంచి, ఫలానా ప్రొటీను తగిలిస్తే ఆ కణాలు తెగులును తట్టుకుంటున్నాయని కనిపెట్టి పేపరు రాశారు. ప్రపంచమంతా ఆవిడ పేరెత్తింది. మూడువేల సైటేషన్లు! ఆ అంకెని మా సంస్థ గేటుమీద రేకు కోసి వేయించారు డైరెక్టరు గారు. పెరిగినప్పుడల్లా మార్చడానికి చివరి అంకెలు మాత్రం కొక్కేలకి తగిలించారు.

మాఘమాసంలో ఒకరోజు ఆవిడ నా గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూలబడ్డారు.

"వీరభద్రం గారూ, నా పేపరు తప్పండి."

"ఏ పేపరండీ?"

"గేటుకి వేలాడేసారే, అదే."

ఆవిడ చెప్పుకొచ్చారు. కణాలకి ఆహారంగా ఎర్రటి ద్రవం పోస్తారట. ఆ రోజుల్లో పొదుపు సర్క్యులరు అమల్లో ఉండటంవల్ల రెండు ల్యాబులు ఒకే సీసా వాడుకున్నాయి. పక్క ల్యాబువాళ్ళు కోతి మూత్రపిండం కణాలు పెంచేవారు. ఎవరో ఎప్పుడో వాళ్ళ పళ్ళెంలో ముంచిన గొట్టాన్నే ఎర్రటి సీసాలో ముంచారు. కోతి కణం కోడి కణం కన్నా జోరుగా పెరుగుతుంది. నాలుగు వారాల్లో పళ్ళెంలో కోడి అన్నది లేకుండా పోయింది. పైకి చూస్తే తేడా తెలియదు. మొన్న పాత గొట్టాలు ఫ్రీజర్లోంచి తీసి డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే అసలు సంగతి బయటపడింది.

"పదకొండేళ్ళూ కోడనుకుని కోతికి వైద్యం చేశానండీ," అంది ఆవిడ. అని నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

"మరి కోళ్ళ సంగతి?"

"ఆ ప్రొటీనుతో చేసిన సూదిమందు కోళ్ళకి వేసినా ఒకటే, మంచినీళ్ళు వేసినా ఒకటే. అనుమానమొచ్చి నేను రెండేళ్ళ కిందటే మళ్ళీ మొదట్నించి అసలు కోడి కణాలతో చేశాను కదా. కంట్లో వేసే చుక్కమందు. రెండు షెడ్ల కోళ్ళమీద వేసి చూశాం. ఒక్కటంటే ఒక్కటి చావలేదు. కిందటేడు పేపరు వేశాను కూడాను."

నేను కంప్యూటర్లో చూశాను. ఆ రెండో పేపరుకి సైటేషన్లు సున్నా.

"సున్నాయే ఉంటుంది. అది ఒప్పు కదండీ," అంది ఆవిడ. "పోట్లాడ్డానికి ఏం లేకపోతే ఎవడు పేరెత్తుతాడు?"

ఇందులో వచ్చిన చిక్కల్లా నాటుకోళ్ళ సంక్షేమ మండలితో. ఉగాది వెళ్ళగానే మా చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఇంటింటి కోళ్ళకీ ఉచితంగా మందు వేస్తామని వాళ్ళు ప్రకటించారు. ఏ మందు వెయ్యాలన్నది 'సదరు మందుకు ఆధారమైన పేపరునకు గల సైటేషన్లను బట్టి నిర్ణయించబడును' అని నిబంధన. సూదికి మూడువేలు, చుక్కకి సున్నా. సూదే ఖాయమైంది. ఎండలు ముదిరితే తెగులు వస్తుంది. ఈలోగా మొదటి పేపరుని వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటిస్తే మండలి నిబంధన ప్రకారం సూది రద్దవుతుంది, వరసలో తరవాతి మందుగా చుక్క వస్తుంది. ఆవిడ కోరేది అంతే.

ఆ సాయంత్రమే మా పెద్దక్క మంగతాయారు ఫోను చేసింది. అక్కది పులగంపేట. బావ పోయాక ముప్పై నాటుకోళ్ళ మీద, వాటి గుడ్ల మీద బతుకు వెళ్ళదీస్తోంది.

"ఒరేయ్ చిన్నోడా, ఉగాది ఎల్లాక కోళ్ళకి మీవోళ్ళ సూది ఏత్తారంట కదా. మంచిదేనంటావా?"

"దానికి మూడువేల సైటేషన్లున్నాయక్కా."

"అంటే?"

"మూడువేలమంది దాని పేరెత్తారు."

"గజదొంగ సూర్రావు పేరు జిల్లా అంతా ఎత్తేవోరు. అలాగని ఆడి చేతికి కోళ్ళిచ్చామా?"

ఇలాంటి మనుషులకి పరిశోధన గురించి ఏం చెబుతాం! పెద్దలు చూసుకుంటార్లే అని ఫోను పెట్టేశాను. కానీ ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు డైరెక్టరు గారి గదిలో సమావేశం. పేపరు వెనక్కి తీసుకోనివ్వండని హైమవతి గారు అడిగారు. విశ్వేశ్వరం గారు కళ్ళజోడు తీసి ఆవిణ్ణి జాలిగా చూశారు.

"డాక్టరు గారూ, తమరేమి కోరుచున్నారో తమకు అవగతమవుతున్నదా? అది తమ పేపరు కాదు. సంస్థ స్థిరాస్తి. ఇవాళ తమరు పేపరు వెనక్కి తీసుకుంటారు. రేపు నేను ప్రహరీగోడ వెనక్కి తీసుకుంటాను. ఎల్లుండి?"

ఎల్లుండి ఏమవుతుందో ఎవరికీ తెలియలేదు. అక్కౌంట్సు ఆఫీసరు పరబ్రహ్మం గారు గొంతు సవరించుకున్నారు. ఈయన సన్నగా, నెమ్మదిగా ఉంటారు. ఈయన సంతకం లేనిదే మా సంస్థలో చీపురు కూడా పాతబడదు.

"ఆస్తిని తొలగించాలంటే కండెమ్ చెయ్యాలండి. దానికి కమిటీ ఉంది. బీరువాకి పదిహేనేళ్ళు, కుర్చీకి ఎనిమిది, పశువుకి ఏడు. పేపరుకి ఎంతన్నది నిబంధనల్లో లేదు. కాగితం కలపనించి వస్తుంది కాబట్టి ఫర్నిచరు కింద, బీరువా హెడ్డులో వేసుకోవచ్చు. అంటే ఇంకా నాలుగేళ్ళు వాడాలి."

"వాడితే కోళ్ళు చస్తాయండీ!" అంది హైమవతి గారు.

"మరమ్మతుకి వీలుందేమో చూశారా? వీలున్న వస్తువుని కండెమ్ చేస్తే ఆడిట్ వారు పట్టుకుంటారు."

"కోడికీ కోతికీ ఒక్క అక్షరమే కదా తేడా," అన్నారు డైరెక్టరు గారు ఆలోచనగా. "దిద్దుకుంటే పోలేదూ? ఇంత రాద్ధాంతమా?"

"పల్లెల్లో జనం కోతుల్ని పెంచట్లేదండీ బాబూ!"

దీనికి డైరెక్టరు గారు నొచ్చుకున్నారు. సమావేశం టీతో ముగిసింది.

హైమవతి గారు ఊరుకునే రకం కాదు. తన పేపరు నమ్మి పనిచేస్తున్న ల్యాబులన్నిటికీ, మీ పళ్ళెంలో ఉన్నది కోడో కోతో చూసుకోండి నాయనలారా అని ఎవరికి వారికి రాసింది. వాళ్ళు చూసుకున్నారు. లబోదిబోమన్నారు. పదకొండేళ్ళు మమ్మల్ని కోతుల్ని చేశారంటూ కోపం పట్టలేక పేపర్ల మీద పేపర్లు రాశారు. రాసిన ప్రతివాడూ తిట్టడానికైనా ఆవిడ పేపరు పేరెత్తక తప్పదు కదా! నెల తిరిగేసరికి సైటేషన్లు మూడువేలనించి ఏడువేలు దాటాయి. గేటు దగ్గర వాచ్‌మన్ నిచ్చెన దిగే తీరిక లేకుండా అంకెలు మార్చాడు.

డైరెక్టరు గారు తాపేశ్వరం కాజాలు తెప్పించి అందరికీ పంచారు. కాజా చేత్తో పట్టుకునే ఉపన్యసించారు.

"ఇన్నాళ్ళూ మనం ఒప్పులనే నమ్ముకుని వెనుకబడిపోయాం. పదకొండేళ్ళ ఒప్పు ఇచ్చినదానికన్నా ఒక్క నెల తప్పు ఎక్కువ ఇచ్చింది. ఒప్పు చెబితే లోకం సరేనని పడుకుంటుంది. తప్పు చెబితే లేచి పోట్లాడుతుంది. లోకాన్ని మేలుకొలపడమే కదా విజ్ఞానం!"

మర్నాడే 'లోపాధారిత ఉత్కృష్టతా పథకం' మొదలైంది. ప్రతి శాస్త్రవేత్తా ఏడాదికి ఒక్క తప్పయినా అచ్చు వేయించాలి. తప్పు మరీ చిన్నదైతే ఎవరూ పట్టించుకోరు, మరీ పెద్దదైతే పోలీసులొస్తారు కాబట్టి మధ్యస్థంగా ఉండాలి. దీనిపై మూడ్రోజుల శిక్షణా శిబిరం పెట్టారు. మూడోరోజు ఫొటో. గొర్రెల విభాగం పెద్దాయన ఒకరు, పాతికేళ్ళుగా ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేస్తున్నవాడు, తనవల్ల తప్పు కావడం లేదని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. పాతికేళ్ళ సర్వీసులో తమ మాటను ఒక్కరైనా ఖండించకపోవడానికి కారణాలు తెలపాలని ఆయనకి మెమో ఇచ్చారు. పాపం, కిందా మీదా పడి ఒక తప్పు తయారుచేసి సమర్పించాడు. కమిటీ పరీక్షిస్తే అది ఒప్పని తేలింది. సంస్థను మోసం చేసినందుకు రెండో మెమో వెళ్ళింది.

ఇంత జరుగుతున్నా సూది మాత్రం రద్దు కాలేదు. పైగా దాని సైటేషన్లు పెరిగాయి కనుక, నాలుగు మండలాలకి బదులు ఆరు మండలాల్లో వేస్తామని మండలివారు సంతోషంగా ఉత్తరం రాశారు.

"ఈ మనుషులకి ఏ భాషలో చెబితే బుర్రకెక్కుతుందండీ?" అని హైమవతి గారు నా బల్ల గుద్దారు.

"వాళ్ళ భాషలోనే చెప్పండి," అన్నాను. నాకు అప్పటికి ఒళ్ళు మండిపోయి ఉంది. అక్క రోజూ ఫోను చేస్తోంది మరి. "నా దగ్గర ఇంకో లెక్క ఉంది. వెనక్కి తీసుకున్న పేపర్లని కూడా జనం మానకుండా పేరెత్తుతూనే ఉంటారు. తెలియక కొందరు, తెలిసి కొందరు, ఎందుకు తీసుకున్నారని ఆరా తీస్తూ కొందరు."

ఆవిడ జుట్టు సవరించుకుని లేచింది.

ఈసారి డైరెక్టరు గారి గదిలో ఆవిడ గొంతు తేనెలా ఉంది. "సార్, నాకు జ్ఞానోదయమైందండీ. పేపరు వెనక్కి తీసుకుంటే సంస్థకి నష్టమని మీరన్నారు. వీరభద్రం గారి లెక్క ఒక్కసారి చిత్తగించండి."

నేను చూపించాను. విశ్వేశ్వరం గారి కళ్ళు మెరిశాయి.

"అంటే, చచ్చాక కూడా సంపాదిస్తుందన్నమాట!"

"బతికుండగా కన్నా ఎక్కువండీ," అన్నాను.

"బీమా పాలసీ లాగా!"

"ఆహా, ఎంత బాగా చెప్పారండీ," అంది హైమవతి గారు. ఆవిడ ఒకరిని మెచ్చుకోగా వినడం నాకదే మొదలు.

పరబ్రహ్మం గారు బీరువాకి ఇంకా నాలుగేళ్ళుందని గుర్తుచేశారు. డైరెక్టరు గారు చెయ్యి విదిలించారు. "ఫర్నిచరేమిటండీ, కోళ్ళ గురించి కదా ఆ పేపరు. పశువు హెడ్డులో చూడండి. పశువుకి ఏడేళ్ళే." పరబ్రహ్మం గారు నిబంధనకి విరుద్ధం కాదని సంతకం పెట్టారు.

పేపరు ఉపసంహరణ అయింది. సూది రద్దయింది. మండలివారు వరసలో తరవాతి మందుగా కంటిచుక్కని తీసుకుంటామన్నారు. అక్కకి ఫోను చేసి చెప్పాను. "నా తండ్రే! మీ డాక్టరమ్మని ఓసారి ఇంటికి తీసుకురారా. పులుసెట్టి పెడతాను," అంది. ఆ రోజు హైమవతి గారు, నేనూ క్యాంటీనులో ఉల్లిపాయ పకోడీ తిన్నాం. పకోడీ అంత రుచిగా ఉంటుందని నాకు తెలియదు.

మూడోనాడు సర్క్యులరు వచ్చింది.

'ఇందుమూలముగా యావన్మంది శాస్త్రవేత్తలకు తెలియజేయునదేమనగా, పేపర్లను ఉపసంహరించుట వలన సంస్థ కీర్తి ఇనుమడించునని సోదాహరణముగా రుజువైనందున, ఇకమీదట సంస్థకు చెందిన సకల పేపర్లను విడతలవారీగా ఉపసంహరించుటకు నిర్ణయించడమైనది. ఒక్క సైటేషను కూడా లేని వెనుకబడిన పేపర్ల అభ్యున్నతి దృష్ట్యా, మొదటి విడతలో వాటికే ప్రాధాన్యమివ్వబడును.'

వెనుకబడిన పేపర్ల జాబితాలో మొట్టమొదటిది కంటిచుక్క పేపరు. ఏడేళ్ళ నిబంధన సడలిస్తూ జాబితా కింద పరబ్రహ్మం గారి సంతకం ఉంది.

హైమవతి గారు డైరెక్టరు గారి గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళారు. నేను వెనకాలే పరుగెత్తాను.

"అది ఒప్పు పేపరండీ! దానివల్ల కోళ్ళు బతుకుతాయండీ!"

"అందుకే దాన్ని పైకి తేవాలనుకుంటున్నాము," అన్నారు ఆయన నిజమైన వాత్సల్యంతో. "ఏడాదిగా పాపం సున్నాలో పడి ఉంది. తమ మొదటి బిడ్డకు చేసిన ఉపకారం రెండో బిడ్డకు చెయ్యవద్దా?"

"మండలివాళ్ళు మందు ఆపేస్తారండీ!"

"అది వారి పరిధి. మన పరిధిలో మనం కృషి చేద్దాం."

మండలివారు ఆపేశారు. ఉపసంహరించిన పేపరుమీద ఆధారపడిన మందును వాడటం తమ నిబంధనలకి విరుద్ధమని రాశారు. వాళ్ళని మాత్రం ఏమంటాం! సూది రద్దు చేసింది ఆ నిబంధనతోనే కదా. హైమవతి గారు ఆ రోజు ల్యాబు మెట్లమీద కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చారు. నేను పక్కన నిలబడ్డాను. నా లెక్క చూపించకపోతే బాగుండేదని అనుకున్నాను. చూపించకపోతే నీళ్ళసూది వేసేవారు. ఎటు తిరిగినా చచ్చేది కోళ్ళే.

చైత్రం వెళ్ళింది, ఎండలు ముదిరాయి, తెగులు దిగింది. ముందు ఏటి అవతలి ఊళ్ళు. తరవాత ఇవతలివి. పొద్దున్నే లేచేసరికి పెరళ్ళలో కోళ్ళు మెడలు వంకరపోయి పడి ఉంటున్నాయి. ఆడవాళ్ళు వాటిని గోతాల్లో వేసి ఊరిబయట పాతిపెడుతున్నారు.

అక్క ఫోను చేసింది. ఈసారి వెటకారం లేదు. "చిన్నోడా, పక్కూళ్ళోకి వచ్చేసిందంట. నా పెట్టలు మూడు పొదుగుతా ఉన్నాయిరా. మీకు సేతనైతే ఏదోటి సెయ్యండ్రా."

నేను వెళ్ళి హైమవతి గారితో చెప్పాను. ఫ్రీజర్లో చుక్కమందు ఒక్కటే ఒక్క సీసా మిగిలి ఉంది. ఆవిడ దాన్ని ఐస్‌డబ్బాలో పెట్టి, ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నా స్కూటరెక్కారు. దారి పొడుగునా గోతుల మీద జాగ్రత్త, గోతుల మీద జాగ్రత్త అని నా వీపుని పొడుస్తూనే ఉన్నారు.

పులగంపేటలో అక్క ఒక్కో కోడినీ చంకలో ఇరికించుకుని తల వంచి పట్టుకుంది. హైమవతి గారు కంట్లో చుక్క వేశారు. కోడి ఓసారి కన్ను మిటకరించి తల విదిలించుకుని వెళ్ళిపోయింది. పేట ఆడవాళ్ళంతా కోళ్ళు తెచ్చి వరసకట్టారు. చీకటి పడే వేళకి సీసా అయిపోయింది. పక్క పేటనించి గంపలెత్తుకుని వచ్చినవాళ్ళకి లేదని చెప్పాల్సి వచ్చింది. ఒక ముసలావిడ నమ్మలేదు. ఖాళీ సీసా చేతిలోకి తీసుకుని వెలుగుకి ఎత్తిపట్టి చూసుకుంది.

పులగంపేటలో ఒక్క కోడీ చావలేదు. పక్క పేటలో ఒక్కటీ మిగల్లేదు.

మా సంస్థకి ఆ వేసవి బంగారు కాలం. ఇంత పెద్ద తెగులు ఎందుకొచ్చింది, మందు ఏమైంది అని దేశదేశాలవాళ్ళు పేపర్లు రాశారు. అందరూ మా రెండు పేపర్ల పేరెత్తారు. సున్నాలో ఉన్న రెండోది మూడొందలు దాటింది. డైరెక్టరు గారికి శాలువా కప్పారు. ఆ సభలోనే ఎవరో ఆయన చెవిలో ఊదారు, పులగంపేటలో మాత్రం కోళ్ళు బతికే ఉన్నాయని, ఎవరో డాక్టరమ్మ చుక్కలు వేసిందని.

ఆయన శాలువాతోనే ఆఫీసుకి వచ్చి నన్ను పిలిచారు.

"వీరభద్రం గారూ, ఉపసంహరించిన విజ్ఞానాన్ని సంస్థ అనుమతి లేకుండా ప్రయోగించుట ఎంత తీవ్రమైన విషయమో తమకు తెలుసు. అక్కడ ఒక్క కోడి ప్రాణంతో ఉన్నట్టు రుజువైనా డాక్టర్ హైమవతిని ఉద్యోగంలోంచి తొలగించక తప్పదు. పైగా ఆ మండలంలో నూరు శాతం మరణాలని మనం నివేదిక అచ్చు వేయించాం. దానికి సైటేషన్లు కూడా వస్తున్నాయి. పరబ్రహ్మం గారు అధ్యక్షులు, తమరు సభ్య కార్యదర్శి. రేపే వెళ్ళి విచారించి రండి."

నేను బయటికొచ్చి అక్కకి ఫోను చేశాను. కోళ్ళు కనబడకూడదని చెప్పాను.

"బతికున్న కోళ్ళు తప్పేంట్రా?" అంది.

"ఆవిడ ఉద్యోగం పోతుందక్కా."

"అయితే నువ్వు రా. నేను సూసుకుంటాను."

మర్నాడు జీపు పులగంపేటలో ఆగేసరికి పేట పేటంతా నెత్తిన చెంగులు వేసుకుని కూర్చుంది. మా అక్క అరుగుమీద గుండెలు బాదుకుంటోంది. "నా ముప్పై కోళ్ళూ పోయాయండి బాబూ! ముత్తెంలాంటి కోళ్ళండీ!" వెనక పెరట్లో బోర్లించిన గంపలు వరసగా ఉన్నాయి. ఒక గంప కొంచెం కదిలింది. నేను పరబ్రహ్మం గారికి అడ్డంగా జరిగాను.

ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నారు. "అమ్మా, మీ కోళ్ళన్నీ చనిపోయాయని మీరు ధ్రువీకరిస్తున్నారా?"

"ఆయ్. అన్నీనండీ."

సరిగ్గా అప్పుడు గంపకింద పుంజు కూసింది. అదైనా ఒక్క కూతతో ఊరుకుందా! దానికి జవాబుగా ఎదురింటి గంపలోంచి ఇంకొకటి, ఆ చివరింట్లోంచి మరొకటి. పేటంతా కూతలే. అక్క ఏడుపు పెంచింది కానీ పుంజుల గొంతు ముందు ఆగలేదు. ఇది చాలదన్నట్టు ఎక్కడ తప్పించుకుందో ఒక పెట్ట పిల్లలతో సహా వచ్చి పరబ్రహ్మం గారి బూటు ఎక్కి నిలబడి, లేసు పొడిచి చూసింది.

పరబ్రహ్మం గారు పెట్టని చూశారు. కాగితాన్ని చూశారు. మెల్లిగా కాలు పక్కకి తీసుకున్నారు, పిల్లలు నలగకుండా.

"రాసుకోండి వీరభద్రం గారూ," అన్నారు. "సంస్థ అచ్చువేసిన నివేదిక ప్రకారం ఈ మండలంలో కోళ్ళు లేవు. లేని కోడి కూయదు. విచారణలో ప్రాణంతో ఉన్న కోడి ఏదీ కమిటీ దృష్టికి రాలేదు."

నేను రాశాను. హైమవతి గారి ఉద్యోగం నిలబడింది.

జీపెక్కబోతుంటే అక్క ఇక ఆపుకోలేకపోయింది. ఇంటికొచ్చిన మనిషిని ఒట్టి చేతుల్తో పంపడం ఆవిడ వల్ల కాదు. లోపలికి పరుగెత్తి వరిగడ్డిలో సర్దిన గుడ్ల బుట్ట తెచ్చి పరబ్రహ్మం గారి చేతిలో పెట్టింది. నేను నాలిక కరుచుకున్నాను.

"ఎక్కడివమ్మా ఇవి?"

"ఆ చచ్చిపోయిన కోళ్ళవేనండి."

"ఎప్పుడు పెట్టినవి?"

"పొద్దున్నేనండి."

ఆయన ఒక గుడ్డు తీసి ఎండకెత్తి చూసి, మళ్ళీ గడ్డిలో పెట్టుకున్నారు. జీపు కదిలింది. పక్క పేట దాటాం, దాని తరవాతి ఊరు దాటాం. ఇంకా ఉదయమే. ఎక్కడా ఒక్క కోడి చప్పుడు లేదు. గుమ్మాల ముందు ఖాళీ గంపలు బోర్లా పడి ఉన్నాయి. పరబ్రహ్మం గారు బుట్ట ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నారు. తరవాత డ్రైవరుకి వినపడకుండా నావైపు వంగారు.

"వీరభద్రం గారూ, ఆవిడ దగ్గర ఆ చుక్కమందు ఇంకేమైనా ఉందేమో కనుక్కుంటారా? మా ఊళ్ళో మా అమ్మకి పదో పన్నెండో కోళ్ళున్నాయి. తెగులు నిన్న మా పొరుగూరు చేరిందట. అమ్మ మూడుసార్లు ఫోను చేసింది."

"అయిపోయిందండీ. కొత్తది చెయ్యడానికి వీల్లేదు. అది ఉపసంహరించిన మందు కదండీ."

"తెలుసు," అన్నారు ఆయన. "నేనే కదా సంతకం పెట్టాను."